హాబిట్ నచ్చింది, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దగ్గర ఆగింది: తర్వాత ఏ ఫాంటసీ సిరీస్ చదవాలి?

ప్రశ్న

ఇంగ్లిష్ నవలలు నెలకు ఒకటి, మహా అయితే రెండు చదవగలను. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ అయిపోయాయి. హాబిట్ చాలా నచ్చింది. దాని వెంటే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదలుపెడితే టామ్ బాంబడిల్ వచ్చిన చోట కదలడం లేదు. అది పక్కన పెట్టి వేరేది ఎత్తుకుందామని ఉంది.

కథ పూర్తయిన సిరీస్ కావాలి. మంత్రవిద్యకు ఒక పద్ధతి, ఒక లెక్క ఉంటే ఇష్టం. రక్తపాతం మరీ ఎక్కువ వద్దు. అందరూ గేమ్ ఆఫ్ థ్రోన్స్ నవలలు, వే ఆఫ్ కింగ్స్ చదవమంటున్నారు. వాటితో మొదలుపెట్టవచ్చా? తెలుగులో చందమామ సీరియల్స్ లాంటివి ఉంటే అవీ చెప్పండి. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస కూడా కావాలి.

జవాబు 1

ముందు లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సంగతి. అక్కడ వదిలేయకండి. మీలాగే చాలామంది ఆగేది సరిగ్గా ఆ చోటే. బాంబడిల్ భాగం 6, 7, 8 అధ్యాయాలు. 9వ అధ్యాయంలో బ్రీ ఊరి సత్రం వస్తుంది, అక్కడ స్ట్రైడర్ కనిపిస్తాడు, ఇక కథ పరుగెడుతుంది. అంటే మీకు మిగిలిన అడ్డంకి రెండు మూడు అధ్యాయాలే. పాటలు దాటేసినా కథకు లోటు రాదు. 8వ అధ్యాయం మాత్రం దాటేయొద్దు, ఆ సమాధి దిబ్బల్లో దొరికే కత్తులకు చివర్లో చాలా పెద్ద పని ఉంది. మొదట్లో హాబిట్ల గురించి ఉన్న ఉపోద్ఘాతం చదవకపోయినా ఫర్వాలేదు.

దీని తర్వాత ఇంకో రెండు చోట్ల బండి నెమ్మదిస్తుంది. ఒకటి ఎల్రాండ్ సభ. సుదీర్ఘమైన అధ్యాయం, అంతా మాటలే, కానీ ఉంగరం చరిత్ర మొత్తం అందులోనే ఉంది కాబట్టి ఒకే విడతలో చదవండి. రెండోది రెండో సంపుటం. దాని మొదటి సగంలో ఫ్రోడో అసలు కనిపించడు, రెండో సగంలో ఫ్రోడో, శామ్‌ల దారి తప్ప మిగతా వాళ్లు కనిపించరు. ఇది తెలియక పుస్తకం మూసేసిన వాళ్లున్నారు. మూడో సంపుటం లావు చూసి బెదరకండి, చివర వంద పేజీలకు పైగా అనుబంధాలే.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ మీకు ఇప్పుడు వద్దు. మొదటి నవల 1996లో వచ్చింది, ఐదోది 2011లో. తర్వాతి రెండూ ఇంకా రాలేదు. పూర్తయిన కథ అన్న మీ మొదటి షరతే తీరదు. రక్తపాతం సంగతి చెప్పనక్కర్లేదు. ఎప్పుడైనా కొంటే ఒక జాగ్రత్త: మన దగ్గర ఎక్కువగా దొరికేవి బ్రిటిష్ పేపర్‌బ్యాక్‌లు. వాటిలో మూడో నవలనూ ఐదో నవలనూ రెండేసి పుస్తకాలుగా విడగొట్టారు. 'స్టీల్ అండ్ స్నో', 'బ్లడ్ అండ్ గోల్డ్' అన్నవి వేర్వేరు నవలలు కావు, రెండూ కలిస్తేనే మూడో నవల.

వే ఆఫ్ కింగ్స్ బ్రిటిష్ పేపర్‌బ్యాక్‌కూ ఇదే తంటా. అట్ట మీద చిన్న అక్షరాల్లో 'పార్ట్ వన్' అని ఉంటుంది. అది గమనించకుండా కొంటే సగం కథ దగ్గర పుస్తకం అయిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అట్ట బొమ్మ పెద్దది చేసి చూడండి, పేజీల సంఖ్య చూడండి. విడగొట్టని మొదటి నవల వెయ్యి పేజీలు దాటుతుంది, అయిదారు వందలే ఉంటే అది సగమే. పైగా ఈ సిరీస్ మొత్తం పదికి అనుకున్నది. 2024లో వచ్చిన ఐదో నవలతో మొదటి అంకం ముగిసింది, అంతే. మొదటి మూడు ఘట్టాల్లో ముగ్గురు వేర్వేరు మనుషుల కళ్లతో, వేర్వేరు కాలాల్లో కథ నడుస్తుంది. ఈ రచయితకు అలవాటు పడ్డాక చదవాల్సిన పుస్తకం ఇది.

జవాబు 2

వే ఆఫ్ కింగ్స్ రచయిత బ్రాండన్ శాండర్సనే రాసిన మిస్ట్‌బోర్న్ మీ షరతులకు అతికినట్టు సరిపోతుంది. మొదటి మూడు నవలలు 2006, 2007, 2008ల్లో వచ్చాయి, కథ అక్కడికి ముగుస్తుంది.

మంత్రవిద్యకు లెక్క కావాలన్నారు కదా, ఇందులో ఉన్నదే లెక్క. కొందరు మనుషులు లోహాల పొడి మింగి, కడుపులో దాన్ని 'మండించి' శక్తి తెచ్చుకుంటారు. మూల లోహాలు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జంటలు. ఇనుము దూరంగా ఉన్న లోహాన్ని లాగుతుంది, ఉక్కు నెడుతుంది. తగరం చూపు, వినికిడి పదును చేస్తుంది, ప్యూటర్ ఒంటికి బలమిస్తుంది. జింక్ ఎదుటివాళ్ల ఆవేశం రగిలిస్తుంది, ఇత్తడి చల్లారుస్తుంది. కంచు ఎవరు మంత్రం వాడుతున్నారో పసిగడుతుంది, రాగి దాన్ని కప్పిపెడుతుంది. ప్రతి జంటలోనూ ఒకటి శుద్ధ లోహం, రెండోది దాని మిశ్రమం. ఇంకో సూత్రం బరువు. మీరు నెట్టే వస్తువు మీకన్నా తేలికైతే అది ఎగిరిపోతుంది, బరువైతే మీరే వెనక్కి పోతారు. నాణెం నేల మీదికి విసిరి దాన్ని నెట్టి గాల్లోకి లేవడం ఈ సూత్రంతోనే. పోరాట ఘట్టాలన్నీ ఈ లెక్క ప్రకారమే నడుస్తాయి, ఎక్కడా రచయిత దొంగదారి తొక్కడు. పుస్తకం చివర లోహాల పట్టిక ఉంది, అక్కడ కాగితం ముక్క పెట్టుకుంటే సులువు.

రెండో నవల నెమ్మది. నగరం చుట్టూ సైన్యాలు దిగి ఉంటాయి, లోపల రాజకీయం సాగుతూ ఉంటుంది. అక్కడ ఓపిక పట్టాలి. మూడోదాంట్లో తెలిసే విషయాలకు బీజాలు అక్కడే పడ్డాయి. హింస ఉంది, మేకులు దిగగొట్టిన కళ్లతో తిరిగే విచారణాధికారుల వర్ణనలు కాస్త కఠినం. అయినా గేమ్ ఆఫ్ థ్రోన్స్ అంత ఉండదు. 'సీక్రెట్ హిస్టరీ' అనే చిన్న నవల కనిపిస్తే వెంటనే చదవకండి, మొదటి మూడింటి గుట్టూ అందులో బయటపడుతుంది.

అయితే ఒక్క సిరీస్ మాత్రమే చెప్పమంటే నేను చెప్పేది ఉర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది, సుమారు రెండు వందల పేజీలు. మీ వేగానికి రెండు వారాలు చాలు. ఇక్కడ మంత్రమంటే పేరు. ప్రతి వస్తువుకూ, ప్రాణికీ, మనిషికీ ఒక నిజనామం ఉంటుంది, అది తెలిసినవాడికి దాని మీద పట్టు ఉంటుంది. అందుకే ఎవరూ తమ అసలు పేరు బయటపెట్టరు, ప్రాణానికి ప్రాణమైన వాళ్లకు తప్ప. నక్షత్ర నామం వేరే, పిలుపు పేరు వేరే అని తెలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ ఊహ పరాయిదనిపించదు.

వరుస అచ్చయిన వరుసే. రెండోది 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్'. మొదటి నవల హీరో గెడ్ ఇందులో చాలాసేపు కనిపించడు. ఇది టెనార్ అనే అమ్మాయి కథ, అది తెలిసి చదివితే విసుగు రాదు. చీకటి సొరంగాల వర్ణన అద్భుతం. మూడోది 1972లో వచ్చింది. నాలుగోది 'తెహాను', 1990లో, పద్దెనిమిదేళ్ల తర్వాత. ఇందులో సాహసయాత్ర లేదు, నడివయసు వితంతువు, ఒళ్లు కాలిన పసిపిల్ల, మంత్రశక్తి పోయిన మగవాడు ఉన్నారు. వెంటనే చదివితే నిరాశపడతారు, కొన్ని నెలలు ఆగి చదవండి. 2001లో రెండు వచ్చాయి: 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ', 'ది అదర్ విండ్'. కథల సంపుటిని ముందు చదవాలి, అందులోని 'డ్రాగన్‌ఫ్లై' కథ లేకుండా ఆఖరి నవల అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగం. మొదట బ్రీ దాకా చేరతాను, తర్వాత ఎర్త్‌సీ, మిస్ట్‌బోర్న్. ఇంకో రెండు అడుగుతాను: డిస్క్‌వరల్డ్ నలభై పైచిలుకు పుస్తకాలట, ఎక్కడ మొదలుపెట్టాలి? వీల్ ఆఫ్ టైమ్ ఎలా ఉంటుంది?

జవాబు 3

డిస్క్‌వరల్డ్ 41 నవలలు, 1983 నుంచి 2015 దాకా. సంఖ్య చూసి భయపడక్కర్లేదు. ప్రతి నవలా దేనికదే పూర్తి కథ. అందరూ చేసే తప్పు మొదటి నవల 'ది కలర్ ఆఫ్ మ్యాజిక్'తో మొదలుపెట్టడం. అందులో ఎక్కువ భాగం అప్పటి ఫాంటసీ నవలలకు వెక్కిరింత, అవి చదవని వాళ్లకు సగం హాస్యం అందదు. మీరు 8వ నవల 'గార్డ్స్! గార్డ్స్!' (1989) పట్టుకోండి. ఊరి కావలి బృందం మీద సాగే కథలు ఇక్కడ మొదలవుతాయి. వీటి వరుస: మెన్ ఎట్ ఆర్మ్స్, ఫీట్ ఆఫ్ క్లే, జింగో, ది ఫిఫ్త్ ఎలిఫెంట్, నైట్ వాచ్, థడ్!, స్నఫ్. 'నైట్ వాచ్'ను ముందుకు లాక్కోకండి. కావలి దళాధిపతి వైమ్స్ ఎక్కణ్నుంచి ఎక్కడికి వచ్చాడో తెలిస్తేనే అది గుండెకు తగులుతుంది. సిరీస్ వద్దు, ఒక్క నవల చాలంటే 'స్మాల్ గాడ్స్' (1992). భక్తులు తగ్గిపోయి తాబేలు రూపంలో చిక్కుకున్న దేవుడి కథ అది. ఈ పుస్తకాల్లో ఎక్కువ వాటికి అధ్యాయాలు ఉండవు, రోజుకు ఇన్ని పేజీలని పెట్టుకోవాలి. పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్లు వదలొద్దు, మంచి హాస్యం అక్కడే ఉంటుంది.

వీల్ ఆఫ్ టైమ్ 14 నవలలు, పైన ఒక పూర్వకథ. రాబర్ట్ జోర్డాన్ 2007లో పోయాక చివరి మూడూ శాండర్సన్ పూర్తి చేశాడు, 2013లో ముగిసింది. చాలావరకు ఒక్కొక్కటీ ఏడెనిమిది వందల పేజీల పైనే, మీ వేగానికి ఏడాదిన్నరకు తక్కువ పట్టదు. 7 నుంచి 10 దాకా కథ దాదాపు నిలబడిపోతుంది, పదోదాంట్లో మరీ. 11లో మళ్లీ ఊపందుకుంటుంది. పూర్వకథ 'న్యూ స్ప్రింగ్'తో మొదలుపెట్టొద్దు. ఇప్పుడు ఎత్తుకోవడం నా ఉద్దేశంలో తప్పు, మిస్ట్‌బోర్న్ తర్వాత చూసుకోండి.

జవాబు 4

తెలుగు సంగతి నేను చెబుతాను.

చందమామ సీరియల్స్ అన్నారు. అవి దాసరి సుబ్రహ్మణ్యం రాసినవి, పత్రికలో రచయిత పేరు ఉండేది కాదు. 'తోకచుక్క' 1954లో మొదలైంది. తర్వాత వచ్చినవాటిలో 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'శిథిలాలయం' మొదట చదవండి. మంత్రవిద్యకు సూత్రాలు వీటిలో వెతకొద్దు. వీటి బలం వేగం, అడవులు, కొండజాతులు, ప్రతి భాగం చివరా మనిషిని అంచున నిలబెట్టి ఆపడం. పాత సంచికల స్కాన్‌లలో చదివితే ప్రతి నెలా ముందు జరిగిన కథ మళ్లీ చెబుతారు, ఒకేసారి చదివేవాళ్లు ఆ పేరాలు దాటేయవచ్చు. చిత్ర గారి బొమ్మలు లేని ప్రతి మాత్రం తీసుకోకండి. సగం అందం ఆ బొమ్మల్లోనే ఉంది.

పొట్టిది కావాలంటే విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'. గుర్రం ముఖం ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు, సంస్కృతం మాట్లాడతాడు. ఒకటి రెండు విడతల్లో అయిపోతుంది. విశ్వనాథే రాసిన పురాణవైర గ్రంథమాల 12 నవలలు, 'భగవంతుని మీది పగ'తో మొదలవుతుంది. భారతయుద్ధం తర్వాతి మగధ రాజుల కాలం. అందులో చరిత్ర గురించిన వాదన ఎక్కువ, హాబిట్ నచ్చినవాళ్లకు మొదటే ఇవ్వాల్సింది కాదు.

మీకు అసలు సిసలు తగినది మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు', 12 భాగాలు. పాతాళభైరవి సినిమాకు మూలమైన కథ ఇందులోదే. మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడుగా పశువులకాపరి కుర్రాణ్ని తీసుకెళతాడు. ప్రతి మజిలీలో కుర్రవాడు ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, మణిసిద్ధుడు మణి ప్రభావంతో దాని కథ తెలుసుకుని చెబుతాడు.

ప్రశ్న అడిగినవారు

కాశీమజిలీ భాష కష్టమని విన్నాను. గ్రాంథికం చదివే అలవాటు లేదు.

జవాబు 4

మొదటి యాభై పేజీలే కష్టం. గ్రాంథికమే అయినా వాక్యం కథ చెప్పే వాక్యం, కావ్యం వాక్యం కాదు. బిగ్గరగా చదివితే సంధులు వాటంతటవే విడిపోతాయి. 'వృత్తాంతమంతయుం దెలిసికొని' అని కంటికి కనిపిస్తే బెదురు, నోటితో అంటే వృత్తాంతమంతా తెలుసుకుని అనేగా. నెట్‌లో స్కాన్ ప్రతి దించుకుంటే ముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి, పాత ప్రతుల్లో పుటలు పోవడం మామూలే.

అసలు చిక్కు భాష కాదు, కథలో కథ. మణిసిద్ధుడు చెప్పే కథలో రాజకుమారుడికి ఒక యోగి ఇంకో కథ చెబుతాడు, దాంట్లో మరొకరు ఇంకోటి. నాలుగు రోజులు ఆపి మళ్లీ తెరిస్తే ఎవరు ఎవరికి చెబుతున్నారో మరచిపోతాం. పుస్తకంలో ఒక కాగితం పెట్టుకుని, కొత్త కథ మొదలైనప్పుడల్లా చెప్పేవాళ్ల పేరు కింద కింద రాసుకోండి. ఆ కథ ముగియగానే ఆ పేరు కొట్టేయండి. మజిలీ మధ్యలో ఆపకుండా, మజిలీ పూర్తయ్యాకే పుస్తకం మూయండి.