యాప్ ట్రయల్ ఫారంలో ‘రేస్/ఎథ్నిసిటీ’ గడి: తిరుపతి, చిత్తూరు పక్క ఏం పెడతా ఉండారు?

పాకాల_పరిశోధన: డిప్రెషన్ యాప్ ట్రయల్‌కి రెడ్‌క్యాప్ (పరిశోధన డేటా సేకరించే సాఫ్ట్‌వేర్) ఫారం తయారు చేస్తున్నాం. అమెరికా టెంప్లేట్‌లో రేస్ (జాతి) గడి తప్పనిసరి. ఇక్కడ అందరూ ‘ఏషియన్’ నొక్కితే ఆ గడితో పనేముంది? బదులుగా ఏం అడగాలి? గుంపుకి ఎంతమంది ఉండాలి? మధ్యలో మానేసినవాళ్ళ లెక్క ఎట్లా చూపాలి?

నగరి_నర్స్: ముందు భాష సంగతి చూడండి సార్. నగరి, సత్యవేడు పక్క చాలా ఇళ్ళల్లో తమిళం, బడిలో తెలుగు. కుప్పంలో కన్నడం కూడా. ‘మాతృభాష’ అని ఒక్క గడి చాలదు. ఇంట్లో మాట్లాడేది, చదవగలిగేది, బాధ చెప్పుకునేది, మూడూ వేరువేరుగా అడగండి. చదవడం రానివాళ్ళకి ఆడియో పెట్టకుంటే మొదటి వారమే యాప్ తీసేస్తారు.

లెక్కల_గంగ: ఆ టెంప్లేట్ పాతది. 1997లో అమెరికా ప్రభుత్వం ఐదు రేస్ వర్గాలు పెట్టి, హిస్పానిక్ అవునా కాదా అని విడిగా అడిగింది. 2024 మార్చిలో రెండూ ఒకే ప్రశ్న చేసి, మధ్యప్రాచ్యం-ఉత్తర ఆఫ్రికా చేర్చి మొత్తం ఏడు చేసింది. అవి వాళ్ళ చరిత్రలోంచి పుట్టిన వర్గాలు. మనం అడగాల్సింది కులం: ఎస్సీ, ఎస్టీ, బీసీ-ఏ నుంచి ఈ దాకా, ఓసీ. మనిషి తానే చెప్పిందా, డేటా కొట్టే కుర్రాడు పేరు చూసి వేసిందా అన్నది కూడా పేపర్లో రాయాలి.

కుప్పం_కోడర్: కులం గడా, అదీ యాప్‌లోనా? ఫోన్ నంబరు, ఊరు, కులం ఒకే టేబుల్లో ఉంటే ఎవరైనా మనిషిని పట్టేస్తారు. ఒక పల్లెలో యానాదులు ముగ్గురే యాప్ వాడతా ఉంటే పేరు తీసేసి ఏం లాభం? మన దేశపు 2023 డేటా చట్టంలో సున్నితమైన సమాచారమని వేరే వర్గమే లేదు. కాపాడాల్సింది మనమే.

లెక్కల_గంగ: కులం అడక్కుండానే ‘గుంపుల మధ్య తేడా ఏమీ లేదు’ అని రాసేస్తున్నారు, నా కోపమంతా దాని మీదే. గుర్తింపు వివరాలు వేరే ఫైల్లో, వేరే తాళంతో పెట్టండి. ఫలితాల పట్టికలో ఐదుగురికన్నా తక్కువున్న గడి అచ్చులో చూపించొద్దు. ‘చెప్పదలచుకోలేదు’కి విడి కోడ్ ఇవ్వండి, ఖాళీలతో కలపొద్దు.

కుప్పం_కోడర్: ఆ ఒక్క గడి దాచి మొత్తం చూపిస్తే తీసివేతతో దొరికిపోతుంది కదక్కా! అదే వరసలో ఇంకో గడి కూడా దాచాల.

లెక్కల_గంగ: అది నిజమే, ఒప్పుకుంటా. ఫారంలో కులం గడి తీసేయడానికి మాత్రం ఒప్పుకోను.

పుత్తూరు_సైకాలజీ: స్కేళ్ళ తర్జుమాయే నా పని కాబట్టి గట్టిగా చెప్తున్నా. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి తెలుగులోనూ అదే కొలుస్తోందా అని ఇక్కడ ఒక్కరూ అడగలేదు! తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 మార్కులు, 10 వస్తే జాగ్రత్తపడతాం. ‘నిరాశ’ అని రాస్తే పల్లెలో పలకదు. వాళ్ళు ‘ఏమీ తోచడంలే’, ‘గుండె దడ’, ‘ఒళ్ళంతా మంట’ అంటారు. బాధ నిండా ఉన్నా మార్కు పడదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, మూడో మనిషి తిరిగి ఇంగ్లీషు చేయాలి. ఆఖర్న ఊరి మనిషిని కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది’ అని అడగాలి. అందరూ ఎగ్గొట్టేది ఇదే. తర్వాత గుంపుల మధ్య నిర్మాణం, లోడింగులు (ఒక్కో ప్రశ్నకి డిప్రెషన్‌తో ఉన్న ముడి ఎంత బలమో), ఇంటర్‌సెప్టులు (బాధ ఒకేలా ఉన్నా ఆ ప్రశ్నకి పడే మొదలు మార్కు) వరసగా సరిచూడాలి. ఇంటర్‌సెప్టులు కలవకుంటే సగటులు పోల్చకూడదు. గుంపుకి 200 మంది లేకుండా దీనికి దిగొద్దు.

నగరి_నర్స్: తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి మేడమ్. రాత్రి రెండింటికి ‘దాదాపు ప్రతిరోజూ’ నొక్కితే, వాళ్ళు చదివే భాషలోనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు టెలీ మానస్ 14416 తెర మీదికి రావాల.

అలిపిరి_స్కాలర్: ప్రశ్నలెందుకు, వాళ్ళు ఆన్‌లైన్‌లో రాసే రాతల్ని బట్టి డిప్రెషన్ పట్టే కంప్యూటర్ మోడల్ పెట్టుకోవచ్చుగా?

పుత్తూరు_సైకాలజీ: 2024లో పీఎన్ఏఎస్ అనే అమెరికా సైన్స్ పత్రికలో వచ్చిన ఫేస్‌బుక్ పోస్టుల అధ్యయనం చదవండి. 868 మంది. ‘నేను’ అన్న మాట ఎక్కువ వాడటం తెల్లవాళ్ళలో డిప్రెషన్‌తో ముడిపడింది, నల్లవాళ్ళలో ముడిపడలేదు. నల్లవాళ్ళ పోస్టులతోనే శిక్షణ ఇచ్చినా మోడల్ బాగుపడలేదు. పైగా తెలుగులో ‘నిద్ర పోలేకపోతున్నాను’ అంటే చాలు, ‘నేను’ క్రియలోనే ఉంది. ఆ మోడల్ ఇక్కడ ఏం లెక్కపెడుతుంది?

పాకాల_పరిశోధన: భాషకి మూడు గడులు పెడుతున్నా. కులం ఐచ్ఛికం. నమ్మకం కుదిరాక, రెండో వారంలో అడుగుతా.

లెక్కల_గంగ: వద్దు సార్. లింకు తెరిచినవాళ్ళు, ఒప్పుకున్నవాళ్ళు, యాప్ దించుకున్నవాళ్ళు, ఏడో రోజు ఉన్నవాళ్ళు, ఆఖరిదాకా ఉన్నవాళ్ళు అని గుంపువారీగా ఐదు లెక్కలు చూపాలి. రెండో వారంలో అడిగితే మొదటి వారం వెళ్ళిపోయింది ఎవరో ఎప్పటికీ తెలీదు. సమ్మతి పత్రం తర్వాతి తెర మీదే పెట్టండి.