పోర్టబుల్ సామిల్: ఎండిన వేపలో కోత అల తిరుగుతోంది, కోత కూలి దేని మీద కట్టాలి?

మొయినాబాద్_కోత

అన్నలకు నమస్తే. మూడు విషయాల్లో మీ సలహా కావాలి.

మిషన్ అడ్డ బ్యాండ్ సా, 15 హెచ్‌పీ పెట్రోల్ ఇంజిన్, ట్రెయిలర్ మీద లాక్కెళ్లే రకం. బ్లేడ్ 32 మి.మీ. వెడల్పు, 1.07 మి.మీ. మందం, పన్నుకీ పన్నుకీ 22 మి.మీ., పన్ను వాలు 10 డిగ్రీలు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లకి వెళ్లి అక్కడే కోసిస్తున్నాం.

1. పచ్చి మామిడి దుంగ నేరుగా తెగుతోంది. రెండేళ్ల కింద పడగొట్టిన వేప దుంగ ఎక్కిస్తే 16 అంగుళాల వెడల్పు పలకలో నడుమ 5, 6 మి.మీ. అల వస్తోంది. టెన్షన్ గేజ్ (బ్లేడ్ బిగువు చూపేది) సరిగ్గానే చూపిస్తోంది. ఈ బ్లేడ్లు మూడేసి సార్లు సానకి పోయొచ్చాయి, సెట్టింగ్ (పళ్లని ఎడమకీ కుడికీ వంచడం) మాత్రం ఒక్కసారీ చేయించలేదు.

2. కూలి సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన తీసుకోవాలా, గంటకా? ఒకే దుంగలో ఒకరు అంగుళం పలకలు అడుగుతారు, ఇంకొకరు 5×3 అంగుళాల దర్వాజా సైజులు అడుగుతారు. మధ్యలో మేకు తగిలి బ్లేడ్ పోతే ఆ ఖర్చు ఎవరిది?

3. "చక్రాల మీద తిరిగే మిషన్‌కి సామిల్ లైసెన్స్ అక్కర్లేదు" అని చాలామంది అంటున్నారు. నిజమేనా?

---

పన్ను_పదును

మామిడి నేరుగా తెగుతోందంటే పట్టాలు, బ్లేడ్‌ని గీతలో పట్టి ఉంచే గైడ్ రోలర్లు మరీ తప్పు లేవన్నమాట. మొద్దుబారిన పన్ను మెత్త చెక్కలో ఎలాగో నెట్టుకుపోతుంది. ఎండిన వేప చేవలో, ముఖ్యంగా ముడి దగ్గర, దారి దొరక్క పైకో కిందికో తప్పుకుంటుంది. ముడి దాటాక మళ్లీ దిగుతుంది. మీరు చూస్తున్న అల అదే.

ముందు సెట్, అంటే పన్ను పక్కకి ఎంత వంగి ఉందో కొలవండి. సాన పట్టిన ప్రతిసారీ పన్ను కొన అరుగుతుంది, పక్కకి వంచిన భాగం ఆ కొనలోనే ఉంటుంది. మూడు సానల తర్వాత సెట్ తగ్గిపోవడమే కాదు, ఎడమ పళ్లకీ కుడి పళ్లకీ తేడా కూడా వస్తుంది. డయల్ గేజ్ ఉన్న సెట్టర్‌తో చూస్తే ఒక్కో పక్క 0.5 మి.మీ. అటూ ఇటూ ఉండాలి. పచ్చి మెత్త కలపకి 0.55 దాకా పోవచ్చు, ఎండిన గట్టి కలపకి 0.45 చాలు. అంకె కన్నా రెండు పక్కలా సమానంగా ఉండటం ముఖ్యం, ఏ పక్క ఎక్కువుంటే కోత అటు లాగుతుంది. సెట్టింగ్ ముందు, సాన తర్వాత. తిరగేసి చేస్తే పదును పెట్టిన కొన సెట్టర్ కింద నలుగుతుంది.

గేజ్ లేకపోయినా పొట్టు చెప్పేస్తుంది. పలక లేపి దాని మీద మిగిలిన పొట్టు వేలితో తీసి చూడండి. వేడిగా, అచ్చు పోసినట్టు అతుక్కుని ఉంటే సెట్ చాలట్లేదు, పొట్టు బయటికి రాలేక బ్లేడ్‌ని నెడుతోంది. పలక మీద లోతుగా పళ్ల గీతలు పడి, పొట్టు మరీ వదులుగా ఉంటే సెట్ ఎక్కువైంది.

పన్ను వాలు 10 డిగ్రీలంటే పచ్చి కలపకి బాగుంటుంది, ఎండిన వేపకి, తుమ్మకి, చింతకి దూకుడు ఎక్కువ. వాటికి 7 డిగ్రీల బ్లేడ్లు వేరుగా పెట్టుకోండి. మరీ ఎండిన తుమ్మ అయితే 4 డిగ్రీలు కూడా వాడతారు. 15 హెచ్‌పీతో 16 అంగుళాల వెడల్పు ఎండు వేప అంటే ఇంజిన్‌కి కూడా కష్టమే. నాలుగు పక్కలూ చెక్కి వెడల్పు 10, 12కి తెచ్చుకుని పలకలు తీస్తే సగం బాధ తప్పుతుంది.

గైడ్ల దగ్గర మూడు చూడండి. రెండు రోలర్లూ బ్లేడ్‌ని దాని సహజమైన గీత కన్నా 6 మి.మీ. కిందికి నొక్కాలి. రోలర్ అంచుకీ బ్లేడ్ వెన్నుకీ మధ్య 3 మి.మీ. సందు ఉండాలి, ఖాళీగా తిరిగేటప్పుడు రాసుకుంటే వెన్ను గట్టిపడి చీలుతుంది. జరిగే గైడ్‌ని దుంగకి అంగుళం దూరంలోకి తేవాలి. చాలామంది పెద్ద దుంగకి ఒకసారి దూరంగా పెట్టి, చిన్న దుంగ ఎక్కించాక అలాగే వదిలేస్తారు. నడుమ ఆధారం లేని బ్లేడ్ పొడవు పెరిగితే గేజ్ ఎంత చూపించినా లాభం లేదు.

గట్టి చెక్క కదా అని మరీ నెమ్మదిగా తొయ్యకండి. పన్ను కొరకకుండా రాసుకుంటే బ్లేడ్ వేడెక్కి సాగుతుంది, టెన్షన్ అక్కడే పడిపోతుంది. శబ్దం ఒకే తీరుగా ఉండే వేగం పట్టుకోండి. లీటరు నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి బ్లేడ్ తడిసేంత చుక్కలుగా వదిలితే చాలు, ధార అవసరం లేదు. నీలగిరికి మాత్రం బంక ఎక్కువ కాబట్టి కొంచెం పెంచాలి.

గంటన్నర, మహా అయితే రెండు గంటలకి బ్లేడ్ మార్చండి, పదును ఉన్నా సరే. అదే పనిగా చక్రాల మీద వంగి తిరిగితే పళ్ల మధ్య గుంతలో సన్నని చీలిక మొదలవుతుంది. సాయంత్రం టెన్షన్ వదిలేయడం మర్చిపోవద్దు. లేకపోతే చక్రాల మీది వీ-బెల్టు ఒకే చోట నొక్కుకుపోయి మర్నాడు దడదడ మొదలవుతుంది. ఆ బెల్టు అరిగి బ్లేడ్ ఇనుప చక్రానికి తగులుతోందేమో కూడా చూడండి. సైజు నంబర్ చెప్తే రాణిగంజ్‌లో దొరుకుతుంది.

---

రసమట్టం

పైన చెప్పినవన్నీ కరెక్టే. ఒకటి కలుపుతా. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి ఎక్కువ. పొద్దున లెవెల్ చేసిన మిషన్ 300 కిలోల దుంగ రెండు మూడు సార్లు పడేసరికి ఒక కాలు దిగిపోతుంది. అప్పుడు వచ్చేది అల కాదు, పలక ఒక కొసన 25 మి.మీ., ఇంకో కొసన 29. దానికి బ్లేడ్‌ని తిట్టి లాభం లేదు. ప్రతి కాలు కిందా అడుగు చదరం మందపాటి చెక్క వేయండి. పట్టాలకి ఆ కొస నుంచి ఈ కొసకి దారం లాగి, మేస్త్రీల నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలూ చూసుకోండి. పొట్టి రసమట్టం ఒక్కటే నమ్మితే పట్టాల మెలిక దొరకదు.

ఇక కూలి సంగతి. మన దగ్గర దుంగ కొలిచేది చుట్టుకొలతలో నాలుగో వంతు లెక్కన. చుట్టు 48 అంగుళాలు, పొడవు 8 అడుగులు అనుకోండి. 48లో నాలుగో వంతు 12. 12×12×8ని 144తో భాగిస్తే 8 సీఎఫ్‌టీ. కానీ దుంగలో నిజంగా ఉన్న కలప దాదాపు 10.2. ఈ పాత లెక్క నిజం కొలతలో 78.5 శాతమే చూపిస్తుంది, బెరడు చెక్కలకి పోయేది ముందే తీసేసినట్టు. కస్టమర్ మీటర్ల లెక్కలో టేప్ పట్టుకుని వస్తే ఈ తేడా దగ్గరే గొడవ. ఏ లెక్కో మొదలుపెట్టక ముందే చెప్పి, దుంగ మీద చాక్‌పీస్‌తో రాసేయండి.

నా మాట మాత్రం దుంగ మీద కూలి వద్దనే. మన పని కోత, కాబట్టి కోసిన చదరపు అడుగు మీద తీసుకోవాలి. ఒక సీఎఫ్‌టీ కలపలో 8 అంగుళాల వెడల్పు, అంగుళం మందం పలకలు తీస్తే పక్కల కోతతో కలిపి దాదాపు 13.5 చదరపు అడుగుల కోత పడుతుంది. అదే సీఎఫ్‌టీలో 5×3 దర్వాజా కట్టెలు తీస్తే 6.4. పని సగం కూడా లేదు. ఒకటే సీఎఫ్‌టీ రేటు పెట్టుకుంటే సన్న పలకలు అడిగినవాడికి మీరు ఊరికే చేసిపెట్టినట్టు.

---

డిపో_పాత_చెయ్యి

లెక్క బాగుంది గానీ భయ్యా, ఫామ్‌హౌస్ ఓనర్ ముందు చదరపు అడుగుల కోత అంటే ఆయన ఫ్లోరింగ్ మాట్లాడుతున్నామనుకుంటాడు. హైదరాబాద్‌లో కలప అంటే సీఎఫ్‌టీయే. అందుకే తయారైన చెక్క మీద సీఎఫ్‌టీ రేటే చెప్పండి, కాకపోతే మందాన్ని బట్టి మూడు రేట్లు: అంగుళం, రెండంగుళాలు, మూడు ఆ పైన. మీ చదరపు అడుగుల లెక్క మీ పుస్తకంలో ఉంటే చాలు. గంట రేటు ఒక్క చోటే న్యాయం, వంకర దుంగలు, కొమ్మ చీలిన బొందలు, టేబుల్ పలకలు అడిగినప్పుడు. అక్కడ ఎక్కించడానికీ తిప్పడానికే టైమంతా పోతుంది.

రవాణా, మిషన్ నిలబెట్టే ఖర్చు వేరే గీయండి. కనీస బిల్లు ఒకటి పెట్టుకోండి, లేకపోతే ఒక్క దుంగ కోసం ఘట్‌కేసర్ దాకా ట్రెయిలర్ లాగాలి. పొట్టు, పక్క చెక్కలు ఎవరివో కూడా ముందే మాట్లాడుకోవాలి. వంటచెరుకు కింద వాటికీ ధర ఉంది.

మేకుల సంగతి. రోడ్డు పక్క వేప అంటే ఫ్లెక్సీ మేకులు, ముళ్లతీగ, కేబుల్ వాళ్ల కొక్కేలు ఉంటాయనే అనుకోండి. ఎక్కువ భాగం మొదలు నుంచి ఏడెనిమిది అడుగుల లోపే దొరుకుతాయి. పైకి కనపడవు, చెట్టు మింగేస్తుంది. చేతి మెటల్ డిటెక్టర్‌తో దుంగని నాలుగు వైపులా తిప్పి చూడండి, మొదటి పక్క చెక్క తీశాక ఆ చదును మీద మళ్లీ చూడండి. చిన్న డిటెక్టర్లు రెండు మూడు అంగుళాల లోతుకి మించి మేకుని పట్టలేవు. తుమ్మ, చింత, టేకు లాంటి వాటిలో దుంగ కొసన నీలం నలుపు మరక సన్నగా కనిపిస్తే అక్కడ ఇనుము ఉన్నట్టే, చెక్కలోని వగరుకీ ఇనుముకీ పడే రంగు అది. దొరికిన మేకు చుట్టూ ఉలితో తవ్వి పట్టకారుతో లాగండి, గొడ్డలితో కొడితే తల తెగి మొండెం లోపలే ఉంటుంది.

మేకు కన్నా రోజూ బ్లేడ్ తినేది మట్టి. జేసీబీతో ఈడ్చిన దుంగ బెరడు సందుల్లో ఇసుక నిండి ఉంటుంది. మొత్తం బెరడు తీసే ఓపిక లేకపోతే బ్లేడ్ లోపలికి దూరే పక్క గీత వెంట నాలుగంగుళాల పట్టీ అయినా చెక్కండి. బయటికి వచ్చే పక్కనున్న ఇసుకని బ్లేడే విసిరేస్తుంది, దూరే పక్కది కోత పొడవునా లోపలికి లాక్కుపోతుంది.

ఇనుము తగిలి బ్లేడ్ పోతే కస్టమర్ ఖర్చు. చిట్టీ మీద ఒక లైను రాసి సంతకం పెట్టించుకోండి, కొత్త బ్లేడ్ రేటు అంకెతో సహా. అయితే దుంగని పట్టి ఉంచే క్లాంప్‌కే బ్లేడ్ తగిలిస్తే అది మీ ఖర్చే. చివరి రెండు పలకల దగ్గర క్లాంప్ దించడం మర్చిపోవడం వల్ల పోయే బ్లేడ్లు తక్కువేం కాదు.

---

మొయినాబాద్_కోత

సెట్ కొలిపించాను. ఒక పక్క 0.4, ఇంకో పక్క 0.28 వచ్చింది. పళ్ల కొనలు కూడా వెలుతురులో తెల్లగా మెరుస్తున్నాయి. అర్థమైంది. లైసెన్స్ గురించి ఎవరైనా చెప్పండి. కోసిచ్చిన పలకలు పగిలాయని ఒకరు ఫోన్ చేశారు, అది మన తప్పేనా?

---

కాగితం_ముందు

చక్రాలుంటే లైసెన్స్ అక్కర్లేదన్న మాట నమ్మి దిగకండి. కరెంటుతోనో ఇంజిన్‌తోనో కలప కోసే యంత్రం, అది ఉన్న ఆవరణ, రెండూ సామిల్ నిర్వచనంలోకి వస్తాయి. 1996 డిసెంబర్ 12న అడవుల రక్షణకి సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దగ్గర్నుంచి సామిల్లుల మీద గట్టి నియంత్రణ మొదలైంది. 2016లో కేంద్రం కలప ఆధారిత పరిశ్రమలకి మార్గదర్శకాలు ఇచ్చాక కొత్త వాటికి అనుమతి రాష్ట్రస్థాయి కమిటీ ద్వారా రావాలి. మీ మిషన్ వివరాలతో జిల్లా అటవీ అధికారి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట మీద నడిపితే మిషన్ సీజ్ అయిన రోజు ఆ మాట చెప్పినవాడు ఫోన్ ఎత్తడు.

చెట్టు కాగితాలు వేరే. ప్రైవేటు పొలంలో చెట్టయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొట్టడానికి అనుమతి కావాలి. అది తెచ్చుకోవాల్సింది ఓనర్, కానీ దుంగ ఎక్కించే ముందు మీరు చూడాలి, ఫోటో తీసి పెట్టుకోవాలి. టేకు అయితే ట్రాన్సిట్ పర్మిట్ (కలప రవాణా అనుమతి), దుంగ మీద అటవీ శాఖ సుత్తి ముద్ర లేనిదే ముట్టుకోవద్దు. కొన్ని జాతులకి మినహాయింపు ఉంది, ఆ జాబితా అటవీ రేంజ్ ఆఫీసులోనే అడగండి, వాట్సాప్‌లో తిరిగేది చూడకండి. ఎర్రచందనం దుంగ ఎవరు తెచ్చినా, ఏ కాగితం చూపించినా, మిషన్ ఆపేసి వచ్చేయండి.

---

పన్ను_పదును

0.28, 0.4 అంటే ఇంకేం వెతకనక్కర్లేదు. కొనలు మెరవడం అంటే అంచు గుండ్రమైందని. ఆ మెరుపు పూర్తిగా పోయేదాకా సాన పట్టాలి, గుంత ఆకారం మాత్రం మారకూడదు.

పలకల పగుళ్లు సగం మన చేతిలో, సగం వాళ్ల చేతిలో. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి పచ్చి పలక కొసలు ఆ పూటే విచ్చుకుంటాయి. కోసిన గంటలోపు రెండు కొసలకీ మైనం ఎమల్షన్ గానీ, మిగిలిపోయిన పాత పెయింట్ గానీ మందంగా పూయాలి. దుంగకే ముందు పూసి ఉంచితే ఇంకా మంచిది. తర్వాత నీడలో, నేలకి అడుగు ఎత్తున, ప్రతి 18 నుంచి 24 అంగుళాలకి అంగుళం చదరం రీపర్ (సన్న చెక్క బద్ద) వేసి పేర్చాలి. రీపర్లు ఒకదాని మీద ఒకటి నిలువునా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే పలక వాటి మధ్య వంగుతుంది. పైన బరువు పెట్టాలి. ఇది ఒక కాగితం మీద రాసి కస్టమర్‌కి ఇచ్చేస్తే తర్వాత వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

కోసేటప్పుడు మనం చూడాల్సింది దుంగ నడిబొడ్డు. అది 5×3 కట్టె లోపల ఉండిపోతే ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా పగులుతుంది. దాన్ని విడిగా ఒక పలకలోకి వదిలేయండి. నీలగిరి అయితే ఒకే పక్క నుంచి వరసగా పలకలు తీయొద్దు, లోపల బిగువు ఎక్కువ, మిగిలిన దుంగ విల్లులా లేస్తుంది. రెండు పలకలకొకసారి తిరగేసి ఎదుటి పక్క నుంచి తీయండి. మామిడి వానాకాలంలో కొట్టిన వారంలోపు కోయకపోతే నీలం బూజు పడుతుంది, తెల్ల చెక్కకి పుచ్చు కూడా తొందరే. అడిగితే పచ్చి పలకల్ని బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు కలిపిన నీళ్లలో ముంచి పేర్చమనండి. వాన తగిలితే కారిపోతుంది కాబట్టి పైన రేకు తప్పనిసరి.

కొలత గురించి ఒకటి. అంగుళం పలక కావాలంటే పచ్చిది 28, 29 మి.మీ. కోయాలి, ఆరాక కుంచించుకుని, చిత్రిక పట్టాక అంగుళం మిగులుతుంది. మీ బ్లేడ్ మందం 1.07, రెండు పక్కలా సెట్ 0.5 చొప్పున కలిపితే కోతకి పోయేది 2 మి.మీ. పైచిలుకు. కాబట్టి స్కేల్ మీద ఒక్కో పలకకి దించాల్సింది 30 నుంచి 31. 25 మీద దించి కోసి, ఆరాక 22 మి.మీ. పలక వచ్చిందని కస్టమర్ అంటే అప్పుడు తప్పు మనదే.