అమెరికా కతోలిక విచారణలో (పారిష్‌లో) పిల్లల సత్యోపదేశం (క్యాటకిజం): కందుకూరు నుండి వచ్చిన సోదరి ప్రశ్న, సమాధానాలు

ప్రశ్న: మేము ఇటీవలే కందుకూరు నుండి టెక్సాస్‌కు వచ్చాము. బాబుకు ఏడేళ్లు, వాడికి మన గుడిలోనే జ్ఞానస్నానం ఇప్పించాము. పాపకు పదకొండేళ్లు. మా అత్తగారివారు ఒంగోలు బాప్టిస్టులు కావడం వల్ల, పెద్దయ్యాక తీసుకుంటుందిలే అని దానికి అప్పట్లో ఆపాము. ఇద్దరికీ ఇక్కడ సత్యోపదేశం ఎలా మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: సోదరి గారికి నమస్కారం. ముందుగా మీ ఇంటికి దగ్గరలోని విచారణ ఆఫీసుకు వెళ్లి కుటుంబం పేరు నమోదు చేయించండి. ప్రతి ఆదివారం పూజకు వెళ్తున్నా, నమోదు లేకపోతే ఆఫీసువారికి మీరెవరో తెలియదు. తరగతులు సాధారణంగా సెప్టెంబరు నుండి మే వరకు నడుస్తాయి, చేర్చుకోవడం వేసవిలోనే ముగుస్తుంది. చాలా విచారణలలో మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు) రెండేళ్ల తయారీ అడుగుతారు కనుక, ఈ వేసవి దాటిపోతే బాబు తన ఈడు పిల్లలకంటే ఒక ఏడు వెనుకబడతాడు.

బాబు జ్ఞానస్నాన సర్టిఫికెట్ తప్పక అడుగుతారు. మన ఇళ్లలో ఒక చిక్కు ఉంటుంది: గుడి రిజిస్టరులో జ్ఞానస్నానపు పేరు, ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం ఉంటాయి, పాస్‌పోర్టులో బడి పేరు, పూర్తి ఇంటిపేరు ఉంటాయి. అందువల్ల ఊళ్లో ఉన్న మీ నాన్నగారిని పంపి, రిజిస్టరు చూసి రాసిన కొత్త నకలుతో పాటు, ఆ రెండు పేర్లూ ఒకే బిడ్డవని విచారణ గురువుల చేత ఒక ఉత్తరం కూడా రాయించి తెప్పించుకోండి. 2022లో కందుకూరు ప్రకాశం నుండి నెల్లూరు జిల్లాలోకి మారినందువల్ల కాగితాలలో జిల్లా పేరు కలవకపోయినా కంగారు పడవద్దు, మేత్రాసనం (బిషప్పుగారి పరిధి, డయోసిస్) అప్పుడూ ఇప్పుడూ నెల్లూరే. సత్ప్రసాదానికి ముందు మొదటి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, కన్ఫెషన్) ఉంటుందని కూడా వాడికి ఇప్పటినుండే చెప్పి ఉంచండి.

పాప సంగతి వేరు. ఏడేళ్లు నిండాక జ్ఞానస్నానం కోరేవారిని తిరుసభ (కతోలిక సభ) చట్టం పెద్దల క్రమంలోనే చూస్తుంది. కాబట్టి దాన్ని బాబుతో పాటు రెండవ తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టరు, దాని వయసుకు తగినట్టు విడిగా సిద్ధం చేసి, సాధారణంగా పాస్కా జాగరణ (ఈస్టరు ముందు) రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం మూడూ కలిపి ఇస్తారు. ఒంగోలు వైపు 1878 నాటి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం నుండి బాప్టిస్టు కుటుంబాలు విస్తారంగా ఉన్నాయి, మన రెండు జిల్లాల్లో ఇటువంటి వియ్యాలు కొత్త కావు, కనుక ఆఫీసులో సంకోచం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకవేళ మీ అత్తగారివారు అక్కడే ఇప్పించాలని పట్టుబట్టినా, త్రిత్వ నామమున నీటితో ఇచ్చిన జ్ఞానస్నానాన్ని మన సభ గుర్తిస్తుంది, మళ్లీ ఇవ్వదు. అయితే అప్పుడు పాప కతోలిక సభలో చేరే క్రమం మారుతుంది కనుక, భార్యాభర్తలిద్దరూ ముందు ఒక మాట మీదికి రావడం మంచిది.

అన్నిటికంటె గట్టిగా చెప్పదలచినది ఇది. మన ఊళ్లో ఉపదేశిగారు, సిస్టర్ల బడి, సాయంత్రం అమ్మమ్మ జపమాల కలిసి పిల్లలకు తెలియకుండానే నేర్పేవి. ఇక్కడ వారానికి గంట, గంటంబావు తరగతి తప్ప ఇంకేమీ లేదు. 1983 నాటి తిరుసభ చట్టం కూడా ఈ బాధ్యతను అందరికంటె ముందు తల్లిదండ్రులమీదే పెట్టింది. తరగతిలో జపాలు ఇంగ్లీషులో అప్పగించాలి కాబట్టి తెలుగువి మానెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. రాత్రి అన్నాలయ్యాక మంగళవార్త జపం మొదటి సగం మీరు తెలుగులో చెప్పి, “పరిశుద్ధ మరియమ్మా” దగ్గరనుండి వాడిని ఇంగ్లీషులో అందుకోమనండి, మరునాడు తిరగేయండి. నెల తిరగకుండా రెండూ నోటికి వస్తాయి.

మరొకరు, కావలి నుండి వచ్చినవారు: పై సమాధానానికి ఒక చేర్పు. తరగతుల్లో సాయం చేయమని తల్లులను అడుగుతారు, ఒప్పుకోండి, లోపల ఏం నేర్పుతున్నారో కళ్లారా చూడవచ్చు. 2002లో అమెరికా మేత్రాణులు (బిషప్పులు) చేసిన బాలల రక్షణ నిబంధనల ప్రకారం మీరు ముందుగా శిక్షణ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తి చేయవలసి ఉంటుంది. అది అందరికీ ఉన్నదే, మనల్ని అనుమానించి అడిగేది కాదు. రుసుము భారమనిపిస్తే ఆఫీసులో అడగడానికి మొహమాటపడకండి, చాలాచోట్ల తగ్గిస్తారు.