క్లోమ గ్రంథి ఆపరేషన్‌కు ఎలాంటి ఆసుపత్రిని ఎంచుకోవాలి?

ప్రశ్న (కందుకూరు నుంచి): మా పెదనాన్నగారికి పచ్చకామెర్లు రాగా, స్కానింగ్‌లో క్లోమ గ్రంథి తల భాగంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. విపుల్స్ ఆపరేషన్ (క్లోమం తల భాగాన్ని, దాన్ని ఆనుకున్న చిన్నపేగు ముక్కను తీసేసి, మిగిలిన క్లోమాన్ని పేగుకు కలపడం) చేయాలన్నారు. ఇంటికి దగ్గరని నెల్లూరులో చేయించాలా, చెన్నై వెళ్లాలా?

జవాబు 1: ఊరేదైనా, ఆ ఆసుపత్రిలో ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో ముందు అడగండి. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, 65 ఏళ్లు పైబడిన రోగులను పరిశీలించగా, సగటున ఏడాదికి ఒకటి కూడా చేయని ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం ఉంటే, 16కు మించి చేసేచోట 3.8 శాతమే ఉన్నాయి. అంకెలు అక్కడివే అయినా, ఇంత తేడాను తేలిగ్గా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

జవాబు 2: అనుభవమంటే సర్జన్ ఒక్కరిదే కాదండీ. క్లోమాన్ని పేగుకు కలిపి కుట్టినచోట రసం కారడం పెద్ద ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది. దానివల్ల పక్కనున్న రక్తనాళం దెబ్బతిని రక్తస్రావం కావచ్చు. పొట్టలో చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టంలోని ద్రవం ఎర్రబడగానే ప్రమాదాన్ని పసిగట్టే నర్సు, అర్ధరాత్రయినా రక్తనాళం లోపలి నుంచే రక్తస్రావాన్ని ఆపగలిగే రేడియాలజిస్టు ఉన్నచోట రోగి బతికే అవకాశం పెరుగుతుంది. ఆ ఏర్పాట్లు రాత్రిపూట కూడా ఉంటాయా అని తప్పక అడగండి.

జవాబు 3: ఆపరేషన్ ఎక్కడ జరిగినా, ఆ తర్వాతి కీమోథెరపీని వైద్యుల సలహాతో ఇంటికి దగ్గరలోనే తీసుకోవచ్చు.