"మోసికొనిపోవు": చివర ఆ "పోవు" ఎందుకు?

రాజోలు నుంచి
అందరికీ వందనాలండి. సండేస్కూలు పిల్లల కోసం యోహాను 1:29ని వాడుక భాషలో రాస్తున్నాను. పాత అనువాదంలో యేసు గురించి "లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అని ఉంది. "తీసివేసే" అంటే పిల్లలకి ఇట్టే అర్థమవుతుందని కొందరు, "మోసుకుపోయే" అనే ఉంచమని కొందరు. కానీ మోసుకుపోవడం అంటే దొంగలు బిందె మోసుకుపోయారన్నట్టు కూడా వినపడుతుంది కదండీ. ఏది ఉంచమంటారు?

తణుకు నుంచి
టీచరు గారూ, దయచేసి మార్చకండి. కళ్లంలో 75 కిలోల ధాన్యం బస్తా ఉందనుకోండి. "మోశాడు" అంటే బరువు వాడి మీద ఉందని మాత్రమే తెలుస్తుంది. "మోసుకున్నాడు" అంటే దాన్ని తనమీదికి తెచ్చుకున్నాడు. "కొను" చేరగానే పని చేసినవాడి వైపు తిరుగుతుంది. "మోసుకొనిపోయాడు" అంటే బస్తా కళ్లంలో లేదు, ఎలా పోయిందో కూడా తెలుసు: అతని వీపు మీద పోయింది. "తీసివేసే" అన్నారంటే బస్తా లేదన్న సంగతి ఒక్కటే మిగులుతుంది, వీపు మాయమవుతుంది.

తెలుగువాడికి పాపం అసలే బరువు. "పాపం మూటగట్టుకున్నాడు" అంటాం, "ఆ పాపం నా నెత్తిన పెట్టకు" అంటాం. మూట కట్టుకోవడంలోనూ అదే "కొను". కట్టుకున్నది మనం, మోసికొన్నది ఆయన. ఈ పొందిక వాడుక భాషలో పోకూడదు. దొంగ అర్థం భయమైతే "మోసుకుపోయే" అని కుదించకుండా "మోసుకొనిపోయే" అని నిండుగా పలికించండి, సరిపోతుంది.

నరసాపురం నుంచి
తణుకు మేష్టారు చెప్పిన రెండూ, మోయడమూ తీసుకుపోవడమూ, కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఒక్క క్రియలోనే ఉన్నాయండి. అది "ఐరో". ఎత్తడం, ఎత్తుకోవడం, ఎత్తి అవతలికి తీసుకుపోవడం, మూడూ దాని అర్థాలే. "నీ పరుపెత్తికొని" (యోహాను 5:8) అన్నచోట ఆ క్రియే, సమాధి మీది రాయి తీసి ఉండడం (20:1) అన్నచోటా ఆ క్రియే. మొదటిదాంట్లో మోత, రెండోదాంట్లో తొలగింపు. "పరిహరించు" అని ఉంటే మోత వినపడేది కాదు. "మోసికొనిపోవు" అని రాసినవాళ్ల చెవి ఎంత గొప్పదో!

పాత నిబంధన మూలభాష హీబ్రూలో దీనికి దీటైనది "నాసా". దోషాన్ని మోయడానికీ, దోషాన్ని క్షమించడానికీ అదే క్రియ. 32వ కీర్తన మొదటి వచనంలో మనం "పరిహారము నొందినవాడు" అని చదివేది మూలంలో "ఎవని అతిక్రమం ఎత్తివేయబడిందో అతడు". లేవీయకాండం 16లో ఇది పనిగా కనపడుతుంది. రెండు మేకలకి చీట్లు వేస్తారు. ఒకటి బలి. బతికున్న రెండోదాని తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి, జనం దోషాలన్నీ ఒప్పుకుంటాడు. ఒక మనిషి చేత దాన్ని అరణ్యంలోకి పంపేస్తారు. ఆ మేక దోషాలను భరించి పోతుంది, అక్కడ క్రియ నాసాయే. వదిలి వచ్చినవాడు బట్టలు ఉతుక్కుని, స్నానం చేశాకే పాళెంలోకి రావాలి. మేక మాత్రం తిరిగి రాదు.

పాఠంలో ఒక జాగ్రత్త. అది మేక, బాప్తిస్మమిచ్చు యోహాను చూపించింది గొఱ్ఱెపిల్లని. ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రి వధించిన పస్కా గొఱ్ఱెపిల్లా, యెషయా 53:7లోని గొఱ్ఱెపిల్లా ఆ మాటలో వినపడాలి. ఒక్క మేకతో సరిపెట్టేయకండి.

అమలాపురం నుంచి
పాస్టరు గారండీ, అదే యెషయా 53లో ఆరో వచనం కూడా చూడండి. "మన యందరి దోషమును అతనిమీద మోపెను". కోనసీమలో మోపు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. గడ్డి మోపు కట్టినవాడు ఒంటరిగా నెత్తికెత్తుకోలేడు. ఎదురుగా ఇంకొకరు నిలబడి చెయ్యి వెయ్యాలి. తలగుడ్డ చుట్ట సరిగ్గా కుదరకపోతే నాలుగడుగులకే మోపు పక్కకి వాలి మెడ పట్టేస్తుంది. దింపడానికీ రెండో మనిషి కావాలి. నేరం మోపడం అన్నదీ ఈ మాటే. 38వ కీర్తన 4లో తన దోషాల గురించి "మోయలేని బరువువలె అవి నామీద మోపబడియున్నవి" అని మొర. అక్కడ "నామీద", ఇక్కడ "అతనిమీద". పిల్లల చేత ఈ రెండు వచనాలూ వెంటవెంటనే చదివించండి, వేరే వివరణ అక్కర్లేదు.

నరసాపురం నుంచి
నిజమేనండి. యెషయాలో హీబ్రూ మాట "వచ్చి తగిలేలా చేశాడు" అని. "మోపెను" అనడం తెలుగు చేసుకున్న ఎంపిక, ఆ అధ్యాయంలోని మోతకి చక్కగా అతికింది.

రాజోలు నుంచి
మరి "పాపక్షమాపణ" సంగతేంటండి? క్షమాపణ అంటే పిల్లలకి సారీ చెప్పడమే. "దేవుడు క్షమాపణ ఇచ్చాడు" అంటే తికమక పడతారు.

తణుకు నుంచి
వాడుకలో క్షమాపణ తప్పు చేసినవాడు చెప్పేది, బైబిలులో దేవుడు ఇచ్చేది. నామవాచకం వదిలి క్రియ వాడండి: "క్షమించాడు", "విడిచిపెట్టాడు". రెండోదే మూలానికి దగ్గర.

ధవళేశ్వరం నుంచి
ఆ "విడిచిపెట్టు" మన కాలువల మాటేనండి. గ్రీకులో పాపక్షమాపణకి వాడే మాట "అఫెసిస్", అంటే వదిలిపెట్టడం, పంపేయడం. లూకా 24:47లో అది "క్షమాపణ", అదే లూకా 4:18లో చెరలో ఉన్నవారికి "విడుదల". ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ఈజిప్టులో దొరికిన గ్రీకు పపైరస్ పత్రాల్లో కాలువలకి నీళ్లు వదలడాన్ని కూడా అఫెసిస్ అనే రాశారు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యోవేలు 1:20లో నీటి కాలువలకీ ఈ మాటే వాడారు. అది నైలు డెల్టా, ఇది గోదావరి డెల్టా. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మనవాళ్లకి ఆ మాట బతుకులో భాగం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో "వదిలారా?" అని ఊరంతా అడుగుతుంది. తలుపులు ఎత్తాక పోయిన నీళ్లు వెనక్కి రావు. విడుదల అన్న మాటని జైలుకీ సినిమాకీ వదిలేయకండి.

అమలాపురం నుంచి
వదిలేశాడు సరే, మరి విశ్వాసికి బరువు మళ్లీ ఎందుకు అనిపిస్తుంది? ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

నరసాపురం నుంచి
మూడు చోట్ల తేడా వస్తుంది. మొదటిది ఒప్పుకోవడంలో. "నేను పాపిని ప్రభువా" అని మొత్తంగా అనేసి, చేసిన పని పేరు చెప్పకపోవడం. 1 యోహాను 1:9లో "ఒప్పుకొనినయెడల" అన్న గ్రీకు మాటకి మూలార్థం "అదే మాట అనడం", దేవుడు దాన్ని ఏమంటాడో మనమూ అదే అనడం. అబద్ధాన్ని పొరపాటు అంటే అది అదే మాట కాదు. 32వ కీర్తన 5లో "కప్పుకొనక" అన్న క్రియా, మొదటి వచనంలో తెలుగు "ప్రాయశ్చిత్తము" అన్న క్రియా హీబ్రూలో ఒకటే: కప్పడం. మనిషి కప్పుకోవడం మానాక దేవుడు కప్పాడు. తెలుగులో ఈ ముడి కనపడదు, విడమరిచి చెప్పాలి.

రెండోది, పొరుగువాడి బాకీ. దేవుని దగ్గర ఒప్పుకున్నంత మాత్రాన కాజేసిన సొమ్ము మన దగ్గరే ఉంచుకోవచ్చని కాదు. లేవీయకాండం 6:5లో మూలధనానికి అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది. అంటే 1,000 రూపాయలకి 1,200. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అది క్షమాపణకి కట్టే వెల కాదు, రక్షణ ఇంటికి వచ్చినవాడు చేసే పని. ఇది జరగక బరువు ఉన్నట్టుంటే అది అనుమానం కాదు, నిజంగా మిగిలిన బాకీ.

మూడోది కాడి. భారం మోసేవాళ్లకి విశ్రాంతి ఇస్తానని యేసు అన్న మత్తయి 11:28తో ఆపేస్తారు, 29 చదవరు. అక్కడ "నా కాడి ఎత్తికొని" అన్నది మళ్లీ ఐరోయే. ఆయన మన పాపాన్ని ఎత్తుకొనిపోయాడు, మనం ఆయన కాడిని ఎత్తుకోవాలి. తర్వాతి వచనంలో ఆ కాడి "సుళువు" అన్నచోట గ్రీకు మాటకి "మంచిది, దయగలది" అని అర్థం. కాడి మెడకి కుదరకపోతే ఎద్దుకి పుండు పడుతుంది, కుదిరితే రోజంతా దున్నుతుంది. "కాడి పడేశాడు" అంటే తెలుగులో బాధ్యత వదిలేశాడని. యేసు చెప్పిన విశ్రాంతి అది కాదు.

రాజోలు నుంచి
అయితే "మోసుకొనిపోయే" అనే ఉంచుతున్నానండి. పిల్లల చేత చిన్న బస్తాతో ప్రదర్శన కూడా చేయిద్దామని ఉంది.

తణుకు నుంచి
చేయించండమ్మా. బస్తాలో ఊక నింపకండి, ఇసక వెయ్యండి, పిల్లాడి నడుం నిజంగా వంగాలి. ఎత్తుకున్నవాణ్ణి ఇంకో గుమ్మం గుండా బయటికి పంపండి. చివర్లో అందరూ వరుసగా నిలబడి వందనం చేసేటప్పుడు ఆ బస్తా మాత్రం లోపలికి తేనివ్వకండి.