రాకెట్ బాయ్స్‌ని చూడమని చెప్పొచ్చా?

చుక్కలరాత్రి: పాతకాలం కథతో మంచి వెబ్ సిరీస్ చెప్పండి. రాజులూ కత్తులూ వద్దు.

తుంబాతీరం: కళ్ళు మూసుకుని 'రాకెట్ బాయ్స్' చూసెయ్యండి. 2022లో సోనీ లివ్‌లో వచ్చింది. సెలవులకు ఇంటికొచ్చిన అణు శాస్త్రవేత్త హోమీ భాభా, 1939లో యుద్ధం మొదలవడంతో కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళలేక బెంగళూరులో సీవీ రామన్ దగ్గర చేరతాడు. అక్కడే విక్రమ్ సారాభాయ్‌తో స్నేహం. ఒకరిది బాంబు దారి, ఇంకొకరిది రాకెట్ దారి. ఇద్దరి వాదనలోనూ న్యాయం కనిపిస్తుంది, అదే దీని బలం. భాభాగా జిమ్ సర్భ్ పొగరు చూసి తీరాలి. సారాభాయ్ భార్య మృణాళినిగా మన రెజీనా కసాండ్రా.

మసక అద్దం: నేనైతే చెప్పను. రజా మెహదీ పాత్ర ఒక్కటి చాలు నాకు. కలకత్తా భౌతిక శాస్త్రవేత్త, భాభా అంటే గిట్టనివాడు. మేఘనాద్ సాహా కాక ఇంకెవరు గుర్తొస్తారు? అలాంటి మనిషి సిరీస్‌లో అసూయతో రగిలిపోయే ముస్లిం అయ్యాడు.

అసలు సాహా ఎవరు? ఢాకా దగ్గర పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. కులం పేరుతో హాస్టల్లో అవమానాలు పడ్డాడు. వేడికి పరమాణువులు ఎంతమేరకు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే అయనీకరణ సమీకరణాన్ని 1920లో ఇచ్చాడు, దాంతోనే నక్షత్రాల వర్ణపటాలకు, అంటే వాటి వెలుగును విడదీస్తే కనిపించే రంగుల పట్టీలకు, అర్థం చెప్పగలిగారు. 1952లో ఇండిపెండెంటుగా గెలిచి లోక్‌సభకు వెళ్ళాడు. అణుశక్తి వ్యవహారాల్లో ఇంత గోప్యం ఎందుకు, విశ్వవిద్యాలయాలను పక్కనపెట్టడం ఎందుకు అని నిలదీశాడు. అది కుళ్ళుబోతుతనమా? ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే కదా.

తుంబాతీరం: సాహా పేరుతోనే తీసి ఇలా చూపిస్తే ఇంకా ఘోరంగా ఉండేది కదండీ. కల్పిత పాత్ర అన్నాక ఆ స్వేచ్ఛ ఉంటుంది. అణు ప్రమాదం మీద తీసిన 'చెర్నోబిల్' సిరీస్‌లో శాస్త్రవేత్త ఉలానా ఖోమ్యుక్ పాత్ర కూడా కల్పితమే. ఎవరైనా గొడవ చేశారా?

మసక అద్దం: ఆ ప్రమాదం సంగతి చూసిన శాస్త్రవేత్త లెగసోవ్‌కు తోడ్పడిన శాస్త్రవేత్తలందరికీ బదులుగా ఆ పాత్రను పెట్టామని అక్కడ చివర్లో తెర మీదే రాశారు. వాళ్ళ గౌరవం కోసం ఒక మనిషిని కల్పించారు. ఇక్కడేమో భాభా, సారాభాయ్, నెహ్రూ, కలాం అందరికీ సొంత పేర్లు, ఎదురు ప్రశ్న వేసినవాడికి మాత్రం మారుపేరు. ఇద్దరు మిత్రులు ఇంకా పెద్దగా కనబడాలని ఎదుటివాణ్ణి చిన్నబుచ్చారు.

చుక్కలరాత్రి: ఎన్ని ఎపిసోడ్లు?

తుంబాతీరం: మొదటి సీజన్ 8. రెండోది 1974 పోఖ్రాన్ అణుపరీక్ష దాకా వెళ్తుంది, దాంట్లో గూఢచారుల గోల నాకు విసుగనిపించింది. మొదటిది చూసి ఆపేసినా నష్టం లేదు.

మసక అద్దం గారూ, మెహదీ విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ సిరీస్ వద్దంటే ఎలా? 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ ఎగిరిందంటే దాని వెనక ఎంతమంది కష్టం ఉందో, చాలామందికి ఈ సిరీస్ వల్లే తెలిసింది.

మసక అద్దం: ఆ చాలామందికే మెహదీ కూడా నిజమైపోతాడు. నా భయం అదే. చూడమని చెప్పేటప్పుడు సాహా పేరు కూడా కలిపి చెప్పండి, నేను అడ్డురాను.