సుల్తాన్‌బజార్ పాత ఇళ్ల ముందు సాంస్కృతిక సాయంత్రాలు: మేలా, చేటా?

కోఠీ వాసి:
హైదరాబాద్‌లోని కోఠీ, సుల్తాన్‌బజార్ గల్లీల్లో నెలకొక సాయంత్రం పాత కట్టడాల నడక, కవిసమ్మేళనం, సంగీతం ఏర్పాటు చేయాలని మా కాలనీ సంఘం ఆలోచిస్తోంది. నేను దీన్ని సమర్థిస్తున్నాను. నేటి మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రెసిడెన్సీ భవనం పక్కనుంచి రోజూ వేలమంది బస్సుల్లో వెళ్తుంటారు కానీ, 19వ శతాబ్దం తొలి ఏళ్లలో దాన్ని కట్టించిన, నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) కర్క్‌ప్యాట్రిక్, తన భార్య ఖైరున్నీసా కోసం అదే భవనపు చిన్న నమూనాను తోటలో కట్టించాడని చెబుతారని, అది ఇప్పటికీ ఉందని ఎందరికి తెలుసు? పాత నవాబు ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ఆ భవనం విలువ తెలిసిన పౌరులు కోర్టుకెక్కకపోతే ఆ తీర్పు వచ్చేది కాదు.

సుల్తాన్‌బజార్ ఇంటి యజమాని:
ఎర్రమంజిల్ సర్కారు భవనం, మాది తాతలనాటి సొంతిల్లు. రెంటికీ పొంతన లేదు. మా అరుగు మీద నిలబడి ఫొటో దిగినవారిలో ఒక్కరైనా పైకప్పు దూలం మార్చడానికి ఎంతవుతుందని అడగలేదు. కింది మడిగెలకు ఇంకా పాత అద్దెలే వస్తున్నాయి. ఇల్లు పేరుకెక్కితే వారసత్వ జాబితాలో చేరుస్తారేమో, చేరిస్తే కిటికీ మార్చాలన్నా అనుమతి అడగాలేమో, అన్నదమ్ముల పంపకం ఆగిపోతుందేమో అన్న భయం మా వీధిలో చాలామందికి ఉంది. ఆ భయంతోనే కొందరు ముందుగా కూల్చేసి కాంప్లెక్సు కడతారు. మీ సాయంత్రాలు ఆ తొందరను పెంచుతాయి.

సున్నం పనులు చూసే ఇంజినీరు:
నా అభ్యంతరం జనం రావడంపై కాదు, వారు వచ్చేముందు జరిగే ముస్తాబుపై. గానుగలో నూరిన డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి పూసిన పాత గోడ, లోపలి చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే చిక్కుకుని, మొదట ఉప్పు పూస్తుంది, తర్వాత ఇటుక వేలితో గీకితే రాలే స్థితికి వస్తుంది. ఉత్సవం రెండు రోజుల్లో ఉందంటే పగుళ్లకు సిమెంటు, దానిపై ప్లాస్టిక్ పెయింటు, బ్యానర్ కట్టడానికి గోడపై సున్నంతో మలచిన గచ్చు పూల నడుమ మేకులు తప్పవు. ఇంత రక్షణ ఉన్న చార్మినార్ మినారు నుంచే 2019 మేలో గచ్చు పెళ్ల ఊడిపడింది. బన్సీలాల్‌పేట మెట్లబావిలో ముందు పూడిక, చెత్త ఎత్తి, మెట్లు బాగుచేసి, 2022 డిసెంబరులో తెరిచారు. మరమ్మతు ముందు, జనం తర్వాత.

కోఠీ వాసి:
ఇంజినీరుగారు చెప్పిన వరుస మాకు సమ్మతమే. వీధిలో వేదిక, లౌడుస్పీకరు మానేద్దాం. అయితే కట్టడం ఇప్పటికీ తన అసలు పనికే వాడుకలో ఉన్నచోట కూడా ఆగాలా? 1901లో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ పేటలోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి నీడనిచ్చిన ఆ గ్రంథాలయంలో ముప్పై నలభై మంది కూర్చుని పాత పత్రికలు చదువుకోవడానికి మైకు అక్కర్లేదు, మేకు అంతకన్నా అక్కర్లేదు. ఇళ్లలోకి మాత్రం యజమాని పిలిస్తేనే వెళ్దాం.

సుల్తాన్‌బజార్ ఇంటి యజమాని:
భాషానిలయం వరకు నాకేమీ అభ్యంతరం లేదు, నేనూ వస్తాను. ఇళ్ల సంగతికి వస్తే, నడకకు రుసుము పెట్టి దాన్ని ఈ వీధి మరమ్మతులకే వాడతామని సంఘం కాగితం మీద రాయాలి. పాత ఇల్లు నిలుపుకున్నవారికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలని కార్పొరేషన్‌కు వినతిపత్రం పెట్టాలి. ఆ వినతిపత్రంపై మొదటి సంతకం నాదే. అంతవరకు మీ నడక పటంలో మా ఇంటిని చూపించవద్దు.